అడగని ఇల్లు

వంతెన పనికి ఇంజనీరమ్మను పెద్దగా వేసినప్పుడు ఆఫీసులో చాలామంది మూతి విరిచారు. ఇప్పుడు వాళ్లే ఆవిడ వెనకాల పరుగులు తీస్తున్నారు. కాంట్రాక్టరు గడువు దాటితే ఊరుకోదు, డిజైనరు గాల్లో మేడలు కడితే ఊరుకోదు. పైగా ఆవిడ పెట్టిన పద్ధతి ఒకటుంది. స్తంభాల కోసం తీసేసే ప్రతి ఇంటికీ తానే వెళ్లి, నట్టింట్లో ప్లాను పరిచి చెబుతుంది. విన్నవాళ్లు అదంతా తమ మాటల్లో తిరిగి అప్పజెప్పాలి. రాలేదా, మళ్లీ మొదటికి! ఒక ముసలాయనకు గొంతు బొంగురుపోయేదాకా చెప్పింది. అంత మొండిఘటం.

ఈ పద్ధతి నచ్చే బ్యాంకు అప్పివ్వడానికి ముందుకొచ్చింది. అయితే బ్యాంకు అధికారి ఇంటింటికీ వచ్చి అడుగుతాడు. ఏ ఒక్కరు "మాకు తెలీదు" అన్నా అప్పు లేదు, వంతెన లేదు. అవతలి ఒడ్డువాళ్లు ఆస్పత్రికి రావాలంటే ఎప్పటిలాగే పడవ కోసం పడిగాపులు.

అన్ని ఇళ్లవాళ్లూ టకటకా అప్పజెప్పారు. ఇంజనీరమ్మ కాలు నేల మీద నిలవడం లేదు. మిగిలింది సొంత అక్క ఇల్లు. ముందు గదిలో కుట్టుమిషను, వెనక వంటిల్లు.

"మీ ఇల్లు ఎందుకు తీసేస్తున్నారో తెలుసా అమ్మా?" అని అధికారి అడిగాడు.

అక్క మిషను ఆపింది. "తెలీదండీ. నాకెవరూ చెప్పలేదు."

ఇంజనీరమ్మ గబుక్కున ముందుకొచ్చింది. "అదేంటక్కా! రోజూ ఫోన్లో మాట్లాడుకుంటూనే ఉన్నాం కదా!"

"ఆఁ, మాట్లాడావు. సిమెంటు రాలేదన్నావు, మీ ఆయన గురకతో నిద్ర లేదన్నావు. నా ఇల్లు పోతుందని మాత్రం నోటీసు చెప్పింది."

అధికారి కళ్లజోడు తీసి ఇంజనీరమ్మ వైపు చూశాడు.

ఊళ్లోవాళ్ల గడపలన్నీ అరిగేలా తిరిగిన మనిషి, అక్కే కదా, కాదంటుందా అని ఈ గడప తొక్కనే లేదు. సిగ్గుతో చెవులు వేడెక్కాయి. కానీ బేలగా నిలబడే రకమా?

"తప్పు నాదేనండీ. మీరు కూర్చోండి, మీ ఎదురుగానే చెబుతాను" అంటూ గుడ్డలు కత్తిరించే బల్ల మీద ప్లాను పరిచింది.

అక్క ఊరికే వదల్లేదు. "కాస్త ఇటు జరపరాదుటే?"

"ఇటైతే బడి పోతుందక్కా."

"అటో?"

"అటు నేల మెత్తన. స్తంభం కుంగుతుంది."

చివరికి అక్క కత్తెర మొనతో ప్లాను చూపిస్తూ అందుకుంది. "ఇక్కడ అడుగున గట్టి రాయి ఉంది, అందుకని స్తంభం నా మిషను చోటే రావాలి. నాకు వెనక వీధిలో ఇల్లు, ముందు గది కుట్టుపనికి. ఆ తాళం నా చేతికొచ్చాకే ఇది పడగొడతారు. అంతేగా?"

"అందరికంటే బాగా చెప్పారు, ఇందాకటి 'తెలీదు' కొట్టేస్తున్నాను" అని అధికారి నవ్వాడు. "మరి ఒప్పుకున్నట్టేనా?"

"మీరు కాదు, మా చెల్లి అడగాలి."

ఇంజనీరమ్మ అక్క చెయ్యి పట్టుకుంది. "అక్కా, నీ ఇల్లు ఇస్తావా?"

"ఇస్తానే పిచ్చిదానా! నువ్వొచ్చి అడుగుతావనే ఇన్నాళ్లూ చూశాను."

అక్క కళ్లు తుడుచుకుని, మిషను పక్కకు లాగి, గుడ్డల మీద గుర్తులు పెట్టే సుద్దతో నేల మీద గుండ్రంగా గీసింది.

"ఇదిగో, స్తంభం ఇక్కడ. ఇంత చెప్పి పక్కకి జరిపావో, చూడు మరి!"