కాక్‌పిట్‌లో మూడో సీటు

పెద్ద కెప్టెన్‌గారికి చిన్న విమానాలంటే చిన్నచూపు. వాటిని నడిపేవాళ్ళంటే మరీను. అంతటి మనిషి ఆ మధ్యాహ్నం టోపీ చేత్తో పట్టుకుని ఒక చిన్న జెట్ కాక్‌పిట్ గుమ్మంలో నిలబడవలసి వచ్చింది. సీట్లన్నీ నిండిపోయాయి. ఇద్దరు పైలట్ల వెనక, గోడలోంచి లాగి వాల్చుకునే మడతసీటు ఒక్కటే ఖాళీ. అందులో కూర్చోవాలంటే ఎంతటివాడైనా ఆ విమానం కెప్టెన్‌ని అడగాలి.

ఆ కెప్టెన్ ఒకమ్మాయి. తన చిన్నకూతురి ఈడు. చూడగానే ఆయనకు ఒళ్ళు మండింది.

"రావచ్చామ్మా?"

"రండి సార్. సాయంత్రం మీ ఆఖరి ఫ్లైటట కదా."

అవును, దానితో రిటైర్మెంటు. అవతలి ఊరినుంచి ఎగిరే ఆ పెద్ద విమానంలో భార్యకు, కూతుళ్ళకు, ఏనాడూ పడని బావమరిదికి కూడా టిక్కెట్లున్నాయి. వాళ్ళు పొద్దున్నే వెళ్ళారు. "మీ గోలలో నేను రాను, తర్వాత ఏదో ఒక డబ్బాలో వస్తాలే" అని ఈయన ఆగిపోయాడు.

కోపైలట్ వెనక్కి తిరిగి ఆక్సిజన్ మాస్కు చూపించాడు. "ఏదైనా తేడాగా కనిపిస్తే ఆపండి అనండి సార్. ఎవరు ఆపమన్నా ఆపేస్తాం."

"నువ్వు పుట్టకముందు నుంచీ నడుపుతున్నాను నాయనా. కానియ్యి."

మోకాళ్ళు గడ్డానికి తగిలే ఆ ఇరుకును తిట్టుకుంటూ బెల్టు సర్దుకునేసరికి విమానం రన్‌వే మీద పరుగందుకుంది. అప్పుడు చూశాడు, విమానం పైకి లేవడానికి రెక్కల అంచుల్ని కిందికి వాల్చే ఫ్లాపుల మీట మొదటి గాటులోనే ఉంది. తన విమానమైతే ఆ గాటుతో చచ్చినా లేవదు. పిల్లకాకులు మరిచిపోయారు. హెచ్చరిక మోగలేదంటే అదీ చెడిపోయి ఉంటుంది, ఈ డబ్బాలో ఏది పనిచేస్తుంది కనక.

"ఆపండి."

అమ్మాయి మారుమాట్లాడకుండా ఆపేసింది. విమానాన్ని పక్కకు తీసుకొచ్చి, అప్పుడు అడిగింది. "ఏం చూశారు సార్?"

"ఫ్లాపులు సరిగా దించలేదు."

"మా విమానానికి మొదటి గాటే చాలు సార్."

కోపైలట్ కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. ఆ వేగంలో ఒక్కసారిగా ఆపడంతో బ్రేకులు కాలిపోతున్నాయి. అవి చల్లారాలి, ఇంజనీర్లు వచ్చి చూడాలి, అప్పుడుగానీ కదలకూడదు. ఆ సంగతి పెద్ద కెప్టెన్‌కి ఎవరూ చెప్పక్కర్లేదు. ఆయనకు సిగ్గుతో చెవులు కాలాయి.

"నేనంటే మాత్రం, కనుక్కోకుండా ఎందుకు ఆపావు?"

"ఎవరు ఆపమన్నా ఆపేస్తామని మావాడు ముందే చెప్పాడు కదండీ." ఆ అమ్మాయి గొంతులో ఎత్తిపొడుపు లేదు. ఉంటే బాగుండుననిపించింది ఆయనకు.

సాయంత్రం ఫ్లైటుకు అందుకోలేనని తన ఆఫీసుకు ఫోన్ చేశాడు. ఆ పెద్ద విమానానికి ఇంకో కెప్టెన్‌ని పంపించారు. ఎండ వాలేవేళకు భార్య ఫోన్ చేసింది. ఆయన ఇంకా మడతసీట్లోనే ఉన్నాడు.

"ఏమండీ, మేం ఎక్కేశాం. మైకులో ఎవరో స్వాగతం చెబుతున్నారు, మీ గొంతు కాదేంటి? ఎక్కడున్నారు?"

ఆయన చెప్పాడు. ఆవిడ అదే మాట పక్కవాళ్ళకు చెప్పింది. తర్వాత వెనకనుంచి బావమరిది గొంతు వినిపించింది.

"ఏంటక్కా, బావ ఇంకా ఆ డబ్బాలోనే ఉన్నాడా?"