హనోకు నీడ నిలబడిన చోటు

యశ్వంతనగర్‌లో ఒక మనిషి పని చేసినాడా లేదా అని ఎవరూ అడగరు, చొక్కా చూస్తారు. ఇనుపరాయి గనిలో ఒళ్లు వంచినవాడు ఎర్రగా ఇల్లు చేరతాడు. తెల్లగా వచ్చినవాడు యాడో లారీ కింద పడుకుని వచ్చినట్టే. పిల్లనివ్వడానికి వచ్చినవాళ్లు కూడా కాఫీ తాగుతూ తాగుతూ, అబ్బాయి డ్యూటీ చొక్కా దండెం మీద ఏ రంగులో ఆరుతోందో ఒక కన్నేసి పోతారు.

ఆ ఊళ్లో ముప్పై ఏళ్లు లారీల కాటా మీద కూర్చుని రిటైరైనవాడు వెంకటకృష్ణయ్య. అసలు పేరు ఎవరికీ గుర్తు లేదు, అందరికీ కాటాసారే. వాళ్ల నాయన కాలవ కింద వరి వేసుకోడానికి కృష్ణా జిల్లా నుంచి వచ్చినాడు. భార్య నాంచారమ్మ నోట్లో ఇప్పటికీ ఆ జిల్లా మాటే. కాటాసారు మాట మాత్రం బళ్లారి నీళ్లకు ఎప్పుడో మారిపోయింది. ఆదివారం నాలుగింటికల్లా ఆయన గ్రౌండు మెట్ల మీద మూడో వరసలో ఉండాల. చేతిలో పక్కీరమ్మ అంగడి బొరుగుల ఉగ్గాణి, మిరపకాయ బజ్జీ పొట్లం ఉండాల. నోట్లో హనోకు పేరు ఉండాల. తిట్టడానికి లేండి.

హనోకు మూడేళ్లుగా ఊరి ఫుట్‌బాల్ జట్టులో డిఫెండరు. ముప్పై దాటినవాడు, గనిలో కాంట్రాక్టు కూలి. ఆట ముగిసేసరికి తక్కిన పదిమంది తెల్ల జెర్సీలూ ఇటికల మాదిరి అయిపోయేవి. హనోకుది మాత్రం పెళ్లాం రూతమ్మ ఉతికిచ్చింది ఉతికిచ్చినట్టే ఉండేది. జారేది లేదు, పడేది లేదు, ఒకరిని గుద్దేది లేదు. ఎట్లనో బంతి ఆయన కాళ్ల దగ్గరికి వచ్చేది, ఆయన మెల్లగా పక్కవానికి తోసేవాడు. ఇదొక ఆటా?

"ఏమప్పా హనోకూ, చర్చికి వచ్చినావా, ఆటకు వచ్చినావా?" అని కాటాసారు మూడో వరస నుంచి కేకేసేవాడు. "ఇస్త్రీ నలిగేను, జాగ్రత్త!"

మెట్లన్నీ నవ్వేవి. లారీ డ్రైవరు ఉచ్చెంగెప్ప ఇంకొంచెం కలిపేవాడు. "సార్, వాన్ని తీసి ఆ జాగాలో ఒక కొబ్బరిచెట్టు నాటండి. నీడన్నా ఉంటాది."

"నీడైతే వానికీ ఉండాది గదప్పా. వానికంటే ముందే వస్తాది!"

హనోకు నీడ సంగతి ఊరందరికీ తెలిసిందే. అది మనిషి కంటే రొంత ముందు పోతుంది. బజ్జీల అంగడి ముందు ఆ నీడ వచ్చి వాలితే పక్కీరమ్మ నూనెలో మిరపకాయలు వేస్తుంది, అవి వేగేసరికి మనిషి వస్తాడు. చర్చిలో నీడ వచ్చి చాప మీద కూర్చుంటే పాస్టరుగారు, "హనోకు దోవలో ఉన్నాడు, పాట ఎత్తుకోండి" అంటారు. అంతకుమించి దాన్నెవరూ పట్టించుకోలేదు. కొందరికి ఎడమచేతి వాటం ఉంటుంది, హనోకుకు ముందుపోయే నీడ ఉంది, అంతే.

ఆ ఏడు గని ఆఫీసువాళ్లు ఒక మాట చెప్పినారు. టోర్నమెంటు అయినాక జట్టులో ఒక్కరిని పర్మనెంటు చేసుకుంటాం, పేరు మీరే రాసియ్యండి అని. జట్టుకు పెద్ద కాటాసారు, కాబట్టి రాయాల్సింది ఆయనే. హనోకు కాంట్రాక్టు నెలాఖరుకు ముగిసిపోతుంది, పొడిగించేది లేదని చెప్పేసినారు. ఆ సంగతి కాటాసారుకు తెలుసు. అయినా ఆయన మనసులో ఉన్న పేరు తిరుమలేష్‌ది. ఇరవై నిండని ఫార్వర్డు, ఆటకు పదిసార్లు జారిపడి చెవులదాకా ఎర్రగా లేచేవాడు.

సెమీఫైనలుకు రెండు దినాల ముందర రూతమ్మ కాటాసారు ఇంటికి వచ్చింది. లోపలికి రమ్మన్నా రాలేదు, గడప అవతలే నిలబడింది.

"ఆయన పేరు రాస్తారేమో అని అడిగేదానికి వచ్చినా సార్."

"రాసేదానికి నాకేం అడ్డమమ్మా? కష్టం చొక్కా మీద కనపడాల గదా. జనం ఒప్పుకోవద్దా?"

"ఉతికేది నేనే గద సార్. ఎర్రగా వస్తే నాకేం బేజారు లేదు. ఆయనకు చెప్తా," అని రూతమ్మ వెళ్లిపోయింది.

సెమీఫైనల్లో కుడతిని జట్టు మీద హనోకు ఆడిన ఆట చూడాల్సిందే! మొదటి పది నిమిషాల్లోనే మూడుసార్లు జారినాడు. బంతి ఉన్నచోటా పడినాడు, లేనిచోటా పడినాడు. అర్ధభాగం అయ్యేసరికి మనిషేదో మన్నేదో తెలియకుండా అయిపోయినాడు. మెట్లు మెట్లన్నీ లేచి నిలబడి ఈలలు. ఉచ్చెంగెప్ప అయితే తువ్వాలు గాల్లోకి విసిరేసినాడు. "ఈ పొద్దు ఆడినాడప్పా మగోడు!"

కుడతిని వాళ్లు మూడు గోల్సు వేసినారు. మూడేళ్లలో మన జట్టు ఒకే ఆటలో మూడు తినింది అదే మొదలు. తిరుమలేష్ పుణ్యాన మనోళ్లు నాలుగు కొట్టి గట్టెక్కినారు. తిన్న మూడింటి గురించి ఎవరు మాట్లాడతారు? హనోకును భుజాల మీద ఎత్తుకున్నారు.

కాటాసారు మాత్రం పొట్లంలో బజ్జీ పొట్లంలోనే పెట్టుకుని కూర్చుండిపోయినాడు. ఆయన కంట ఒక సంగతి పడింది. మూడు గోల్సప్పుడూ హనోకు నీడ గోలు ముందర ఒకచోట కదలకుండా నిలబడి ఉంది. బంతి మూడుసార్లూ ఆ నీడ రొమ్ము మీదుగానే దొర్లిపోయింది. మనిషి మాత్రం నాలుగు గజాల అవతల జనం కోసం మట్టిలో పొర్లుతున్నాడు.

ఇంటికి వచ్చి కంచం ముందర కూర్చున్నాడు గాని అన్నం కలపలేదు.

"ఏవండీ, గెలిచారుగా! ఏంటలా ఉన్నారు?" అంది నాంచారమ్మ.

"ముప్పై ఏండ్లు కాటా మీద కూర్చుంటినే, ఏ ఒక్క లారీకన్నా పైనున్న దుమ్ము చూసి తూకం రాసినానా?"

"రాస్తే ఆ రోజే ఇంటికి పంపేవారు."

"హనోకుకు మూడేండ్లూ అట్లే రాసినా నాంచారమ్మా."

ఆమె మజ్జిగ పోసి, అన్నం చల్లబడిపోతోంది తినమంది.

ఫైనలు తోరణగల్లు జట్టుతో. ఆట మొదలు కాకముందే కాటాసారు మెట్లు దిగి, బూట్లు కట్టుకుంటున్న హనోకు దగ్గరికి పోయినాడు. నీడ అప్పటికే గోలు ముందర నిలబడి ఉంది.

"ఈ పొద్దు పడొద్దప్పా."

హనోకు తల ఎత్తలేదు. "పడకుంటే జనం ఒప్పరు సార్. మీరే అంటిరంట."

"అంటి. తప్పే అంటి. జనానికి నేను చెప్పుకుంటా. నువ్వు పోయి నీ నీడలో నిలబడు, అంతే."

హనోకు ఆయన్ను ఒకసారి చూసినాడు. నవ్వలేదు, లేచి మెల్లగా నడుచుకుంటూ పోయినాడు.

పావుగంట కాకముందే మెట్ల మీద గొణుగుడు మొదలైంది. "మళ్లా ఇస్త్రీ ఆటే గదప్పా! మొన్నటి హనోకు యాడ పోయినాడు?" అన్నాడు ఉచ్చెంగెప్ప.

కాటాసారు లేచి నిలబడినాడు. "ఉచ్చెంగెప్పా, నోరు మూయి, చొక్కా చూసేది మాను. నీడ చూడు."

"నీడలో ఏముండాది సార్?"

"చూడప్పా ఊరికే!"

చూసినారు. తోరణగల్లు వాళ్లు కుడిపక్క నుంచి వస్తుంటే నీడ జరిగి ఎడమపక్కన ఆగింది. ఉచ్చెంగెప్ప నవ్వబోయినాడు. ఇంతలో బంతి గాల్లో లేచి వంపు తిరిగి సరిగ్గా ఎడమపక్కకే వచ్చింది. అక్కడ హనోకు, పోస్టుమ్యాన్ దగ్గర ఉత్తరం తీసుకున్నట్టు తీసుకుని పక్కవానికి ఇచ్చేసినాడు. మళ్లీ వచ్చినారు, మళ్లీ అంతే. రెండో అర్ధభాగానికి మెట్ల మీద ఒక్కడూ బంతి చూడడం లేదు. వెయ్యి తలకాయలు బంతి ఇంకా రాని చోటుకు తిరిగి ఉన్నాయి. ఈలలు లేవు. చర్చిలో కూర్చున్నట్టు కూర్చున్నారు.

చివర్లో తిరుమలేష్ ఒక గోలు కొట్టినాడు. అదొక్కటే గోలు. హనోకు జెర్సీ మీద ఒక్క మరక లేదు.

"నేను మూడేండ్ల నుంచి చెప్తానే ఉండా, మీరు వింటిరా?" అన్నాడు ఉచ్చెంగెప్ప తువ్వాలు దులుపుకుంటూ. కొబ్బరిచెట్టు సంగతి ఆయన్నెవరూ అడగలేదు. ఎవరి కొబ్బరిచెట్టు వాళ్లకుంది మరి.

సోమవారం పొద్దున కాటాసారు కాగితం జేబులో పెట్టుకుని గని ఆఫీసుకు పోయినాడు. దోవ పొడుగునా జనమే. సగంమంది, "గోలు కొట్టినోడిది రాయండి సార్" అన్నారు. సగంమంది, "గోలు తిననియ్యనోడిది రాయండి" అన్నారు. తిరుమలేష్ మంచి పిల్లోడు, వాడికీ ఆశ ఉండదా? వాడికింకా ఏండ్లున్నాయి, హనోకుకు నాలుగు దినాలుంది. అయినా పెన్ను తీసి గేటు పక్క బల్ల మీద కాగితం పరిచినాక చెయ్యి ఆడలేదు. మూడేండ్లు తప్పు తూకం రాసిన చెయ్యి గదా, ఈసారి సరిగ్గా రాస్తుందని నమ్మకమేంది?

ఆ గనికి రెండు గేట్లు. ఎడమది కాంట్రాక్టు వాళ్లది, కుడిది పర్మనెంటు వాళ్లది. సైరను కూస్తోంది. పర్మనెంటు వాళ్లు ఒకరి వెనక ఒకరు కుడి గేటులో పోతున్నారు. ఆ వరస చివర, మనిషి లేకుండా, టిఫిను డబ్బా పట్టుకుని ఒక నీడ నిలబడి ఉంది.

కాటాసారు దాన్ని చూసినాడు. అది ఏనాడూ తప్పుచోట నిలబడింది కాదు. ఒక్కసారి మనిషి దాన్ని అందుకోలేకపోయినాడు, అదీ తన మాట వల్లనే.

ఒంగి, కాటా చీటీ రాసినంత పొందికగా పేరు రాసినాడు.

సైరను ఆగింది. వరస లోపలికి పోయింది. వాచ్‌మ్యాన్ హొన్నూరుస్వామి వచ్చి గేటు రెక్క పట్టుకున్నాడు.

"రొంత తాళప్పా, మూయొద్దు," అన్నాడు కాటాసారు. "మనిషి వెనకాల వస్తాండాడు."