అరవైమూడు అభ్యంతరాలు

కప్పు పెచ్చు ఊడి మా అత్త దిండు మీద పడింది. జానెడు ఇవతల పడితే తల మీదే. మూడేళ్లుగా పక్షవాతంతో మంచం దిగని మనిషి, పక్కకి ఒత్తిగిలాలన్నా నేనే రావాలి. కేక విని, కింద చేస్తున్న ఇస్త్రీ అలాగే వదిలేసి నాలుగంతస్తులూ ఎక్కాను.

పైన డాబా మీద ఇనుప దూలాలు దింపుతున్నారు. సెల్ టవరట! మమ్మల్ని అడిగిన పాపాన పోలేదు.

మూడో అంతస్తులో ఉండే మేస్త్రన్న వచ్చి కర్రతో కప్పు తట్టి చూశాడు. "గుల్లగా మోగుతోందమ్మా. తన బరువే మొయ్యలేకపోతోంది. దీని మీద టవరు పెడితే నీ మంచం మీదికే వస్తుంది" అన్నాడు.

ఇద్దరం ఓనరు దగ్గరికి పోయాం.

"నోటీసు పెట్టి పన్నెండు రోజులైంది. పదిహేను రోజుల్లో అభ్యంతరం చెప్పుకోవచ్చు. ఒక్కడూ నోరెత్తలేదే? ఇష్టం లేకపోతే ఖాళీ చేసుకోండి" అన్నాడు ఓనరు.

ఆ నోటీసు ఎక్కడ అంటించాడో తెలుసా? నీళ్ల మోటారు గదిలో, తలుపుకి లోపలి వైపు! ఆ గదికెప్పుడూ తాళమే.

సాయంత్రం మెట్ల మీదే మీటింగు పెట్టాం.

"మనకెందుకొచ్చిన గొడవ? సిగ్నలైనా బాగుంటుంది" అన్నాడు దర్జీ.

"ఆఁ, శిథిలాల కింద నుంచి ఫోన్ చేసుకోవచ్చు" అన్నాడు మేస్త్రన్న. నవ్వాం గానీ ఎవరి మొహంలోనూ నెత్తురుచుక్క లేదు.

రెండో అంతస్తు మాస్టారు ముత్యాల్లాంటి అక్షరాలతో అర్జీ రాశారు. టవరు కిరణాల వల్ల రోగాలొస్తాయని అందులో సారాంశం. అక్కడే నేను తప్పు చేశాను. "మనం రాస్తే అన్నీ తప్పులే. ఇదే అందరం దించుకుందాం" అన్నాను. అరవైమూడు మందిమి దించుకుని సంతకాలు పెట్టాం.

మున్సిపల్ ఆఫీసులో అధికారి కట్ట విప్పి నాలుగు కాగితాలు తిరగేశాడు. "అన్నీ ఒకటే రాత. కాగితాలెన్నైనా ఇది ఒక్క అభ్యంతరమే. కిరణాలకి కంపెనీ సర్టిఫికెట్ ఉంది, అది నేను చూసేది కాదు. కట్టడం గురించి, నోటీసు గురించి ఉంటే చెప్పండి. ఎల్లుండితో గడువు సరి."

నాకు ఒళ్లు మండిపోయింది. వాడి మీద సగం, నా మీద సగం.

"మాస్టారి మాట మాస్టారిది" అన్నాడు మేస్త్రన్న, మళ్లీ మెట్ల మీద చేరినప్పుడు. "పెచ్చు పడింది నీ ఇంట్లో. నీ మాట నువ్వే రాయి. తప్పుల్తోనే రాయి."

రాశాం. తాళం వెనక నోటీసు సంగతి దర్జీ రాశాడు. మెట్లు ఇరుకు, ఇద్దరు పక్కపక్కన దిగలేరని గర్భిణి అయిన ఆయన భార్య రాసింది. అయిదో తరగతి తర్వాత నేను కలం పట్టడం అదే. చెమటలు కక్కి రెండు ముక్కలు రాశాను: "మా అత్త లేవలేదు. కప్పు కూలితే నేనొక్కదాన్ని దింపలేను." మేస్త్రన్న మా గదిలో వదులైన పెచ్చులు రాల్చి, తుప్పు తిన్న ఊచలకి కొలతలు తీసి బొమ్మ గీశాడు.

గడువు లోపలే ఆఫీసుకి పోయి అరవైమూడు కాగితాలకీ అందినట్టు ముద్ర వేయించాం. అధికారి ఇక తప్పించుకోలేకపోయాడు. సోమవారం విచారణ, అందాకా పని ఆపాలని ఉత్తర్వు ఇచ్చాడు.

మర్నాడు పొద్దున్నే పోలీసులొచ్చి మేస్త్రన్నని పట్టుకున్నారు. కప్పు అతనే పగలగొట్టాడని ఓనరు కేసు పెట్టాడు. జబ్బు చూపించినవాడే జబ్బు తెచ్చాడట! ఆయన్ని జీపులోకి తోస్తుంటే, "మెట్లు వదలకండి" అని అరిచాడు.

మధ్యాహ్నానికి మరో లారీ ఇనుమొచ్చింది, వెంట ఇన్‌స్పెక్టరు. అప్పటికే మెట్టుకొకరం కూర్చున్నాం. అత్త కూడా వస్తానని పట్టుబడితే కుర్చీలో దింపి మొదటి మెట్టు ముందు పెట్టాం.

దర్జీ ఉత్తర్వు చూపించాడు. ఇన్‌స్పెక్టరు దాని వంక చూడనైనా చూడలేదు. "అదంతా సోమవారం చెప్పుకోండి. ఏయ్ ముసలమ్మా, ముందు నువ్వు లే!"

"లేవలేను నాయనా" అంది అత్త. "నలుగురూ మొయ్యాల్సిన రోజు ఎలాగూ వస్తుంది. ఇవాళే అంటావా, సరే. ఆ నలుగుర్నీ పిలు."

ఒక పోలీసు వంగి కుర్చీ పట్టుకోబోయాడు. నేను అడ్డం పడ్డాను. లాఠీ నా భుజం మీద పడింది, రెండోది దర్జీ మోచేతి మీద. ఎముక విరిగిన చప్పుడు నాకు వినపడింది. ఇక సిగ్నలు మాటెత్తని ఆ మనిషి, రెండో చేత్తో రెయిలింగు పట్టుకుని అక్కడే కూర్చున్నాడు. ఎవరమూ లేవలేదు. పొద్దు వాలేదాకా చూసి లారీ వెనక్కి తిరిగింది.

మేస్త్రన్న ఇంకా లోపలే ఉన్నాడు. సోమవారం ఈ దెబ్బలతోనే విచారణకి పోతున్నాం. ముందు స్టేషనుకి వెళ్లి ఆయన్ని వదలమంటాం. సాక్షి లేకుండా ఏం విచారణ? వదలకపోతే, అరవై రెండు మందిమీ అక్కడే కూర్చుంటాం.