మూట అడుగున తాడు

ఆ శనివారం మధ్యాహ్నం లోరెన్‌కి కాలు ఒకచోట నిలవడం లేదు. క్లీటస్ ఇంటి గరాజులో, నూనె మరకల బల్ల చుట్టూ తిరుగుతూ పెన్సిలుతో తొడ మీద కొట్టుకుంటున్నాడు. నాలుగేళ్లుగా ముగ్గురూ ఆ బల్ల దగ్గరే ఆడుతున్నారు. ఆట నడిపేవాడు లోరెన్. గుహలూ, రాక్షసులూ, నిధులూ అతని నోట్లోంచే పుడతాయి. కాగితం మీద వీరుల్ని రాసుకుని, పాచికలు వేస్తూ వాళ్లని ఆ గుహల్లోకి నడిపించేవాళ్లు క్లీటస్, అతని అక్క ఇంగా. లోరెన్ ఉద్యోగం తపాలా కార్యాలయంలో పొట్లాలు తూచడం. ఆ బుద్ధి ఆటలోనూ పోలేదు. వీరుడు మోసే ప్రతి వస్తువుకీ పక్కన బరువు రాసి తీరాలి.

గొడవ ఒక పెట్టె దగ్గర మొదలైంది. గనిలో రాక్షసి బల్లిని చంపాక, క్లీటస్ వీరుడికి వెండి దిమ్మలున్న ఇనప్పెట్టె దొరికింది.

"ఎత్తుకుంటున్నా," అన్నాడు క్లీటస్.

"ఎత్తలేవు. ఇప్పటికే నీ మీద డెబ్బై పౌన్లున్నాయి. తాడు, లాంతరు, మేకులు, గొడ్డలి, వారానికి సరిపడా తిండి..."

"ఒరేయ్, వాడు ఎద్దులాంటి మనిషిరా!"

"ఎద్దయినా ఏనుగయినా, హద్దు హద్దే."

క్లీటస్ తన కాగితాన్ని బల్ల మీద విసిరికొట్టాడు. "నీకు కథ చెప్పడం ఎక్కడొచ్చురా, తూచడం తప్ప! పుట్టి బుద్ధెరిగాక పది అడుగులు మూట మోశావా? మాకేమో నీతులు!"

ఆ మాట లోరెన్‌కి గుచ్చుకుంది. నిజంగానే అతను ఏనాడూ మోయలేదు. ఊళ్లో మగవాళ్లందరూ నవంబరులో జింకల వేటకి పోతుంటే, అతను ఇంట్లో గుహల పటాలు గీసుకునేవాడు.

ఆసుపత్రిలో రోగుల్ని ఎత్తి ఎత్తి నడుం అరగదీసుకున్న ఇంగా పాచికలు పక్కన పెట్టింది. "ఎందుకర్రా ఈ అరుపులు? గరాజు నిండా సామానేగా. ఇద్దరూ వీపున కట్టుకుని నడవండి. ఎవరిది నిజమో తేలిపోతుంది," అంది.

వేట సంచులు రెండు దించారు. పడవ తాళ్లు, కిరోసిన్ లాంతర్లు, గుడారం మేకులు, గొడ్డళ్లు, బీన్సు డబ్బాలు, దుప్పట్లు తెచ్చారు. బరువైన తాడు చుట్ట అడుగుకి పోవాలని లోరెన్ పుస్తకంలో చదివాడు, అలాగే సర్దాడు. అతన్ని చూసి క్లీటస్ కూడా అలాగే సర్దాడు. పైగా పంతం కొద్దీ పనిముట్ల పెట్టెని సంకన ఇరికించుకున్నాడు.

నది పక్క గడ్డకట్టిన బురదనేల మీదుగా గుట్ట దాకా వెళ్లి రావాలని పందెం. మూడొందల అడుగులు దాటకముందే లోరెన్ భుజాలు కోసుకుపోయాయి. అడుగు వేసినప్పుడల్లా డబ్బాలు వెన్నులో పొడుస్తున్నాయి. క్లీటస్ మాత్రం ఈల వేసుకుంటూ ముందు నడుస్తున్నాడు. లోరెన్‌కి అవమానం కన్నా ఎక్కువగా ఏదో తెలియని కంగారు. వాచీ చూసుకుంటాడు, మంచు మబ్బు చూస్తాడు, మళ్లీ వాచీ చూసుకుంటాడు.

"ఓడిపోయావా గురూ?" క్లీటస్ వెనక్కి తిరిగి అరిచాడు. అరుస్తూ దగ్గర దారని మంచు కప్పిన గడ్డి మీదికి అడుగు పెట్టాడు.

అది గడ్డి కాదు, నీటి మీది పలచటి మంచు పలక. పెటపెటమంది. పెట్టె, మనిషి, మూట కలిసి ఛాతీ దాకా దిగబడ్డాయి.

"పెట్టె వదిలెయ్! మూట విప్పు!" వెనకే వస్తున్న ఇంగా కేక వేసింది.

పెట్టె వదిలేశాడు కానీ, తడిసిన పట్టీలు ఊడి రావడం లేదు. అంచు పట్టుకుంటే అంచు విరిగిపోతోంది. వీపు మీది బరువు అతన్ని వెనక్కి లాగుతోంది.

"తాడు! తాడు తియ్యరా లోరెన్!" క్లీటస్ అరిచాడు.

లోరెన్ మూట దించి చెయ్యి దూర్చాడు. చేతికి దుప్పటి తగిలింది. డబ్బా తగిలింది, ఇంకో డబ్బా తగిలింది. తాడు అట్టడుగున ఉంది. వేళ్లు కొంకర్లు పోతున్నాయి. చివరికి సంచిని తలకిందులు చేసి కుమ్మరించాడు. గొడ్డలి పాదం పక్కనే పడింది. తాడు చివర మేకుల్లో చిక్కుకుంది. విడదీసేసరికి క్లీటస్ అరవడం మానేశాడు.

బోర్లా పడుకుని తాడు విసిరాడు. రెండోసారికి అందింది. ఇంగా, అతనూ మడమలు నేలకి తన్నిపెట్టి లాగారు. కాసేపటికి మంచు మీద ఇద్దరు మగవాళ్లూ ఒకరి మీద ఒకరు పడి రొప్పుతున్నారు.

వంటింట్లో మూడు దుప్పట్ల కింద, చీజు సూపు గిన్నె రెండు చేతులా పట్టుకుని క్లీటస్ వణుకుతున్నాడు. పళ్లు టకటకమంటున్నా నోరు ఊరుకోలేదు. "ఏంట్రా, నన్ను లాగుతూ తూచావా? ఎన్ని పౌన్లున్నా?"

లోరెన్ నవ్వలేకపోయాడు. "నాలుగేళ్లుగా ఎంత బరువని అడిగానే తప్ప, ఎక్కడ పెట్టుకున్నావని ఒక్కసారి కూడా అడగలేదురా," అన్నాడు.

"అడిగినా అబద్ధం చెప్పేవాణ్ణిలే."

ఆ వారమంతా లోరెన్‌కి నిద్ర సరిగ్గా పట్టలేదు. కళ్లు మూస్తే వేళ్లకి డబ్బాలు తగిలేవి. ఆఫీసులో పొట్లాల మధ్య నిలబడి, గోధుమరంగు కాగితాల మీద మనిషి బొమ్మ గీసేవాడు, కొట్టేసేవాడు. భుజాలు, నడుం, వీపు, చేతులు. ఎక్కడున్నది వెంటనే అందుతుంది? ఏది తియ్యాలంటే మూట దించాలి?

మరుసటి శనివారం ఆ బొమ్మల్ని బల్ల మీద పరిచి, ఆటకి కొత్త నియమం చెప్పాడు. నడుం మీద ఉన్నది తలుచుకోగానే చేతికొస్తుంది. సంచి అడుగున ఉన్నదానికి పాచిక వెయ్యాలి, సరైన అంకె పడేదాకా శత్రువు ఆగడు.

"ఇది ఇంకా అన్యాయం! నా నడుం మీద చోటెంతుంటుందిరా?" క్లీటస్ లేచి నిలబడ్డాడు.

"నీ నడుం మీదా? ఊరంతా పడుతుంది," అంది ఇంగా తన బొమ్మ మీదనుంచి తల ఎత్తకుండా. మందు మూలికల్ని చేతికి అందే చోట రాసి, తుడిపి, ఇంకా దగ్గరగా జరుపుతోంది.

క్లీటస్ గొణుగుతూ కూర్చున్నాడు. గొడ్డలా, లాంతరా అని చాలాసేపు తేల్చుకోలేకపోయాడు. లోరెన్ మాత్రం కూర్చోలేదు. బల్ల చుట్టూ తిరుగుతూనే ఉన్నాడు, ఒక్కొక్కరి భుజం మీదనుంచి వంగి చూస్తూ.