నాలుగింటికి రావాల్సిన మనిషి

సూట్‌కేసు కడుపులోకి మోచేతి దాకా చెయ్యి దూర్చి, లోపలి గుడ్డ వెనక ఊడిపడిన మర కోసం తడుముతూనే జిప్పులక్క అబద్ధం చెప్పేసింది.

"బాబాయిగారూ, పన్ను నొప్పిగా ఉంది. మధ్యాహ్నం కాసేపు డాక్టరు దగ్గరికి వెళ్ళొస్తాను."

పెట్టెల కొట్టు పెద్దాయన కళ్ళద్దాల పైనుంచి చూశాడు. "ఏ పక్క?"

అంత లోతుగా అడుగుతాడని ఆమె అనుకోలేదు. ఎడమ పక్క అని నోటితో చెబుతూ చేత్తో కుడి దవడ పట్టుకుంది. పెద్దాయన తల ఊపి, చేతిలోని విరిగిన చక్రం వైపు తిరిగిపోయాడు. మనుషుల కంటే చక్రాల మీదే ఆయనకు అనుమానాలెక్కువ.

ఆ కొట్టులో రెండు బల్లలు, వాటి మధ్య ఒక మనిషి పక్కకు తిరిగి నడిచేంత సందు. పైనుంచి చక్రాల్లేని పెట్టెలు, పిడుల్లేని పెట్టెలు, తీసుకెళ్ళడానికి మనుషులే తిరిగి రాని పెట్టెలు వేలాడుతుంటాయి. రబ్బరు జిగురు వాసన గోడల్లో ఇంకిపోయింది. వీధి వైపు బల్ల పెద్దాయనది. చక్రాలు, తాళాలు, పిడులు ఆయన పని. జిప్పు అనే మాట చెవిన పడితే చాలు, పెట్టెను చూడనైనా చూడకుండా లోపలి బల్ల మీదికి తోసేస్తాడు. అక్కడ జిప్పులక్క దాని రన్నర్‌ను రెండు వేళ్ళతో అటూ ఇటూ లాగుతుంది. పళ్ళు అరిగాయా, రన్నర్ నోరు వెడల్పయిందా అన్నది ఆ చప్పుడును బట్టే తేల్చుకుని, పట్టకారుతో ఓ నొక్కు నొక్కుతుంది. ఆమె బొటనవేలి గోరు ఆ పనికే అడ్డగీతలు పడిపోయి ఉంటుంది.

కూతురికి మూడేళ్ళప్పుడు, పని చూసుకుని వస్తానని వెళ్ళిన మొగుడు ఇంకా దారిలోనే ఉన్నాడు. ఆ రోజుల్లోనే ఒకసారి చేతిసంచి జిప్పు పాడై ఈ కొట్టు మెట్టెక్కింది. బాగుచేయించుకునే స్తోమత లేదని ఆమె ముఖమే చెప్పింది కాబోలు, పెద్దాయన పట్టకారు చేతికిచ్చి, "నువ్వే చేసుకో" అన్నాడు. చేసుకుంది. ఆయన ఆ సంచిని తిప్పి తిప్పి చూసి, "రేపు రా" అన్నాడు. ఉద్యోగం గురించి ఆ ఇద్దరి మధ్యా జరిగిన మాటలు అంతే. ఆ 'రేపు' ఇప్పటికీ నడుస్తోంది. కూతురు పెరిగి ఫోన్ల దుకాణంలో పనిచేస్తోంది.

చిక్కంతా సంచులతో వచ్చింది. బడి సంచులు, ఆఫీసు సంచులు, వీపున తగిలించుకునే సంచులు పట్టుకుని జనం వస్తారు. "మనది పెట్టెల కొట్టమ్మా, సంచులు చెయ్యం" అని పెద్దాయన వెనక్కి పంపేస్తాడు. వాళ్ళలో కొందరు సందు చివర ఆగి సాయంత్రం జిప్పులక్క కోసం ఎదురుచూస్తారు. ఆమె దొంగసొత్తులా వాటిని పైటచాటున ఇంటికి పట్టుకెళ్ళి బాగుచేసిస్తుంది. ఇంట్లో అడుగు తీసి అడుగు వెయ్యడానికి చోటులేక కూతురికి విసుగొచ్చింది.

"అమ్మా, ఆయన వద్దన్నవాళ్ళతోనే నీకో కొట్టు నిండుతుంది. చిన్న వ్యాపారాలు పెట్టుకునేవాళ్ళకి సాయం చేసే ఆఫీసు మన ఊళ్ళోనే ఉందట. వెళ్ళి అడగొచ్చుగా?"

అడగొచ్చు. అడిగాక పెద్దాయనకు ముఖం ఎలా చూపించాలన్నదే ఆమె బెంగ. వెళ్ళాలనీ ఉంది, వెళ్ళకూడదనీ ఉంది. చివరికి పన్ను మీద నెపం పెట్టి బయల్దేరింది.

ఆ ఆఫీసు గ్రంథాలయం పైఅంతస్తులో ఉంది. మొదటి గదిలో కూర్చున్నాయన తల ఎత్తకుండానే, "అప్పు కావాలా?" అన్నాడు. వద్దంది. "మరెందుకొచ్చారు?" అని ఆయన నిజంగానే ఆశ్చర్యపోయాడు. రెండో గదిలో శిక్షణ ఇస్తామన్నారు. దేంట్లో అని అడిగితే కుట్టుపనిలో అన్నారు. వచ్చునంటే, వచ్చినట్టు ధ్రువపత్రం ఉందా అన్నారు. లేదంటే, అయితే రానట్టే అన్నారు. తనకు వచ్చో రాదో తనకే తేలక ఆమె మూడో గదిలోకి నడిచింది. అక్కడ గాజు బల్ల వెనక ఒక అమ్మాయి నవ్వుతూ కూర్చోమంది. ఆ నవ్వుకే ఆమెకు కాళ్ళలో బలం వచ్చింది.

"ముందు మీ చుట్టుపక్కల ఉన్న వనరుల్ని గుర్తించాలండీ," అంది అమ్మాయి.

"అవెక్కడ దొరుకుతాయమ్మా?"

"అంటే, మీకు పనికొచ్చే చోటు, సామాను, మనుషులు. దగ్గర్లోనే ఉంటాయి, మనం చూడం అంతే." అమ్మాయి కంప్యూటరు మీద ఏదో వెతికి, కళ్ళు పెద్దవి చేసింది. "మీ అదృష్టం బాగుందండీ! అచ్చంగా మీ పనిలోనే పండిపోయినాయన ఒకరు సలహాదారుగా పేరిచ్చారు. ఇప్పటిదాకా ఆయన్ని ఎవరూ అడగలేదు. మీరే మొదటివారు. మార్కెట్టు వెనక సందులో పెట్టెల కొట్టు, తెలుసా?"

జిప్పులక్కకు గది ఒకసారి గిర్రున తిరిగింది. "తెలుసు," అంది. తెలియదని ఎలా అంటుంది? తను పనిచేసేది అక్కడేనని చెప్పడానికి మాటలు కూడగట్టుకునే లోపే అమ్మాయి ఫోను తీసేసింది.

"నమస్తే సార్! ఇవాళ నాలుగింటికి ఒకావిడ మీ దగ్గరికొస్తారు. కొత్తగా కొట్టు పెట్టుకుంటున్నారు... పేరు ఆవిడే చెబుతారు లెండి... అవును సార్, మీ కోసమే."

మెట్లు దిగుతుంటే ఆమెకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. పెద్దాయన ఇక్కడికెప్పుడు వచ్చాడు? తనకెందుకు చెప్పలేదు? తను చెప్పిందా మరి? ఇంటికెళ్ళిపోదామనుకుంది. వెళ్తే నాలుగింటికి ఆయన ఎదురుచూస్తాడు. కొట్టుకెళ్తే ఎదురుచూసేది తననే. ఎటూ పాలుపోక, కాళ్ళు రోజూ పోయే దారినే పోయింది.

పెద్దాయన చొక్కా మార్చుకున్నాడు. తల తడిపి దువ్వుకున్నాడు. అంత శుభ్రంగా ఆయన్ని కొట్టులో ఆమె ఎన్నడూ చూడలేదు.

"వచ్చావా అమ్మాయ్! పన్ను పీకేశారా?"

"లేదండీ. మందిచ్చారు."

"సరే, ఆ కుర్చీ కాస్త తుడువు. ఒకావిడ వస్తోంది. కొట్టు పెట్టుకుంటుందట, నన్ను సలహా అడగడానికి." 'నన్ను' అన్నచోట ఆయన గొంతు కొంచెం పైకి లేచింది. "ఆ మధ్య ఓ రోజు వెళ్ళి పేరిచ్చొచ్చాలే. తెలిసినదేదో ఎవరికో ఒకరికి చెప్పకపోతే, ఇన్నాళ్ళూ చేసి ఏం లాభం?"

తను కూర్చోవలసిన కుర్చీని తనే తుడిచింది. తుడిచిన చోటే మళ్ళీ తుడిచింది. ఇప్పుడు చెప్పేస్తే అయిపోతుంది అనుకుంది. రన్నర్ ఒకటి అందుకుని, అదెందుకు తీసిందో మర్చిపోయి, మళ్ళీ డబ్బాలో పడేసింది.

నాలుగయింది. పెద్దాయన మెట్టు మీదికెళ్ళి నిలబడ్డాడు. సందులోకి తిరిగిన ప్రతి ఆడమనిషినీ పలకరింపుగా చూశాడు. వాళ్ళు కొంగు సర్దుకుని గబగబా దాటిపోయారు.

"బాబాయిగారూ, ఆవిడ..."

"వస్తుందిలే. ఆడవాళ్ళకి ఇంట్లో సవాలక్ష పనులుంటాయి. ఆలస్యమవదూ?"

రాని మనిషిని ఆయన వెనకేసుకొస్తుంటే ఆమె తన బల్ల దగ్గరికి పోయి వీపు తిప్పుకుని కూర్చుంది. ఎండ ఎదుటి గోడెక్కింది. ఆయన లోపలికొచ్చి కూర్చున్నాడు. చేతులు పని లేక మోకాళ్ళ మీద పడున్నాయి.

ఉండబట్టలేక అడిగింది. "ఒకవేళ వస్తే ఏం చెప్పేవాళ్ళండీ?"

"చాలా అనుకున్నాను." ఆయన సిగ్గుగా నవ్వాడు. "నువ్వు ఆ కుర్చీలో కూర్చో. ఆవిడవే అనుకో."

ఆమె కూర్చుంది. పెద్దాయన గొంతు సవరించుకున్నాడు. ఆ తర్వాత ఆమెను ఎన్నడూ అనని 'మీరు'తో మొదలుపెట్టాడు.

"చూడండమ్మా. జిగురు చిన్న డబ్బాలే కొనండి, పెద్దది సగంలోనే ఎండిపోతుంది. ఏ వస్తువునీ చూడగానే కాదనకండి. ఓ రోజు దగ్గరుంచుకుని అప్పుడు చెప్పండి. సంచులొస్తే వద్దనకండి. నేనన్నాను. మా నాన్న పెట్టెల కొట్టు అని పేరు పెట్టాడు కదా అని బిగుసుకుని కూర్చున్నాను. నాది తప్పే. ఆ మాట మా కొట్టులో పనిచేసే అమ్మాయి ముందు ఒప్పుకోలేకపోయాను."

ఆమె తల వంచుకుంది.

"ఇక జిప్పుల సంగతంటారా, నాకు తెలీదు. జనం నేనే చేస్తాననుకుంటారు. లోపలి బల్ల దగ్గర ఒకమ్మాయి ఉంది. ఈ కొట్టు నడిచేది ఆ అమ్మాయి చేతుల మీద. ఎలాగోలా బతిమాలి ఆ అమ్మాయిని మీ కొట్టుకి లాక్కోండి. ఇంతకంటే మంచి సలహా నా దగ్గర లేదు."

జిప్పులక్కకు కళ్ళు నిండాయి. ఇదే సమయం, ఆవిడను నేనేనండీ అనెయ్యాలి. పెదవి కదిపింది కూడా. ఈలోగా పెద్దాయన తన మామూలు గొంతులోకి దిగిపోయి నవ్వేశాడు.

"అయినా నువ్వు నన్నొదిలి ఎక్కడికెళ్తావులే. పాపం ఆవిడ!"

"వెళ్ళను బాబాయిగారూ," అనేసింది.

అది నిజమో అబద్ధమో ఆమెకే తెలియలేదు. పొద్దున చెప్పిన పన్ను అబద్ధం దీనికంటే ఎంతో తేలిక.

పెద్దాయన లేచి చొక్కా సర్దుకున్నాడు. "ఇక రాదులే. ఆ ముసలాడి దగ్గరేముంది అని ఎవరో చెప్పుంటారు. షట్టరు నువ్వేసెయ్, నేను పోతున్నా." సందు మలుపులో ఆగి, అటూ ఇటూ మరోసారి చూసి వెళ్ళిపోయాడు.

ఇంటికొచ్చాక కూతురు ఏమైందని అడిగితే, "రేపు ఆయనకి చెప్పేసి, అప్పుడు నీకు చెబుతాను," అంది.

తెల్లారేసరికి పెద్దాయన లేడు. నిద్రలోనే పోయాడట. కబురు రాగానే జిప్పులక్క చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తింది. పిన్నిగారు, అంటే పెద్దాయన భార్య, గోడకానుకుని కూర్చుని ఉంది. జిప్పులక్కను చూడగానే చెయ్యి పట్టుకుంది.

"రాత్రి అన్నం కూడా సరిగ్గా తినలేదే. ఎవరో వస్తానని రాలేదట. ఇన్నేళ్ళు చేసిన పని ఒక్కరికైనా అక్కర్లేకపోయిందే అని ఒకటే బాధపడ్డారు."

"పిన్నిగారూ, వస్తానన్నది నేనే. నేనే రాలేదు."

పిన్నిగారు అయోమయంగా చూసింది. ఏడుపు మధ్యలోనే ఆమె తల నిమిరింది. "పిచ్చిదానా, నువ్వు రావడమేమిటి? నువ్వు అక్కడే ఉన్నావుగా."

ఆయన ఎదురుచూసిందీ తన కోసమే, రాలేదని బాధపడిందీ తన గురించే, పక్కనే ఉన్నదీ తనే. మూడూ ఎలా నిజమవుతాయో ఎంత ఆలోచించినా జిప్పులక్కకు అంతుపట్టలేదు. ఆయన బాధపడుతూ నిద్రపోయాడన్నది మాత్రం అర్థమైంది. అది చాలు ఏడవడానికి.

కొన్నాళ్ళకు పిన్నిగారు తాళాలిచ్చి, "కొట్టు సంగతి తర్వాత చూద్దాం, ముందు తెరువు," అంది. తెరిచిన కాసేపటికే ఒకావిడ జిప్పు ఊడిన బడి సంచి పట్టుకుని మెట్టు కింద నిలబడింది. "ఇక్కడ సంచులు చెయ్యరటగా, ఊరికే అడుగుదామని..." అని నసిగింది. జిప్పులక్క చెయ్యి చాపి సంచి అందుకుంది.

దానికి సరిపడే పెద్ద రన్నర్ తన డబ్బాలో లేదు. ఎన్నడూ ముట్టుకోని పెద్దాయన బల్ల సొరుగు లాగింది. చక్రాలు, మేకులు, ఇరుసుల మధ్య ఓ కొత్త పళ్ళెం ఉంది. దాని మీద, ధర చీటీని గోటితో శుభ్రంగా గీకేసిన బిస్కెట్ల పొట్లం, ఇంకా విప్పకుండా.