చుట్లు తక్కువ జత

కోదాడలో కిషన్ కొట్టు గాజుబల్ల మీద రెండు జతల పికప్‌లు పెట్టించుకుని, శ్రీహరి సంచిలోంచి మీటరు తీశాడు. కిషన్‌కు నవ్వు ఆగలేదు.

"గిటార్ సామాను కొనడానికొచ్చి మోటారు మీటరు తీశావేంటన్నా?"

"నా మీటరు అబద్ధమాడది."

శ్రీహరిది సూర్యాపేటలో మోటార్ వైండింగ్ షాపు. మాడిపోయిన బోరు మోటార్లకు కొత్త తీగ చుట్టి ఇస్తాడు. పెళ్ళిళ్ళ సీజన్ వస్తే భాస్కర్ ఆర్కెస్ట్రాలో గిటార్ వాయిస్తాడు. భార్య రజని అదే ఆర్కెస్ట్రాలో పాడుతుంది. గిటార్ తీగల కింద ఉండి వాటి మోతను పట్టే డబ్బీలను పికప్‌లంటారు. అతని గిటార్‌వి పాతబడి, సౌండ్ కాస్త పెంచితే చాలు, కీచుమంటున్నాయి. మొన్న ఒక ఫంక్షన్‌లో రజని పాట నడుమ కూశాయి కూడా. భాస్కర్ మొహం మీదనే చెప్పేశాడు.

"ఆదివారం మిర్యాలగూడల పెండ్లి ఉంది. గాడ గిట్లనే అయితే ఇగ గిటార్ ఒద్దు తమ్మీ. కీబోర్డుతోనే నడిపిచ్చుకుంట."

ఏడాదంతా మాడు వాసనలో కూర్చునేవాడికి ఆ స్టేజీ ఒక్కటే ఊపిరి. అందుకే పని ఆపి కోదాడకు వచ్చాడు.

"రెండూ హంబకర్లే అన్నా," అన్నాడు కిషన్. "రెండు చుట్టలు పక్కపక్కన ఉంటాయి. ఒకదాని రొదని ఇంకోటి చంపేస్తుంది. ఇది ఇప్పటి రకం, గట్టిగా కొడుతుంది. ఇది పాత తరహా. మన తాతల కాలంలో చుట్టినట్టే చుట్టింది. అయస్కాంతం జోరు కూడా తక్కువే."

శ్రీహరి మీటరు ముళ్ళు ఆనించి చూశాడు. లోపల తీగ ఎంత ఎక్కువుంటే అంకె అంత పెరుగుతుంది. పాత తరహా దానికి వచ్చిన అంకె రెండోదానిలో సగం కంటే కొంచెమే ఎక్కువ.

"ఓరి వీని! సగం తీగె ఎగ్గొట్టిండ్రు గదనే!"

"ఎగ్గొట్టడం కాదు. దానికి అంతే చుట్టాలి."

"అందరు గదే చెప్తరు. మోటరు మాడినంక నా కాడికి ఉరికొస్తరు."

వైండింగ్ పనిలో అంకె తగ్గిందంటే రెండే అర్థాలు. చుట్టినవాడు తీగ మిగుల్చుకున్నాడు, లేదా లోపల చుట్టు కాలింది. ఇరవై ఏళ్ళుగా శ్రీహరి అలాంటి మోటార్లు విప్పుతున్నాడు, చుట్టినవాళ్ళను తిడుతున్నాడు.

"మా నాన్న వడ్లు కొరికి చూసి కొనేవాడన్నా," అన్నాడు కిషన్. వాళ్ళది ధాన్యం వ్యాపారం, మిల్లు కూడా ఉంది. "బరువు చూసి కాదు. తడి వడ్లూ బరువే తూగుతాయి."

"వడ్ల సంగతి నాకు తెల్వదు. తీగె సంగతి తెలుసు," అని శ్రీహరి నిండు చుట్ల జతే తీసుకున్నాడు.

షాపుకు పోయి తనే టంకం పెట్టి బిగించాడు. సాయంత్రం సొంతూరు పెన్‌పహాడ్‌లో ఇంటి ముందర వాయించి చూస్తే కీచు లేదు, రొద లేదు. గోడలు అదిరేంత మోత. మురిసిపోయి రజనిని పాడమన్నాడు. ఆమె ఒక చరణమైనా పూర్తిచేయలేదు.

"ఏమైంది?"

"నా గొంతు నాకే ఇనవడ్తలేదు."

సౌండ్ తగ్గించాడు. మోత చిన్నదైంది గానీ, తడి గోనెసంచిలా వచ్చి ఆమె గొంతు మీదే పడింది. రజని ఇంకా గట్టిగా పాడి దగ్గింది.

"తగ్గిచ్చినా గంతే. దుప్పటి కప్పుకొని పాడినట్టుంది."

"నిండు సుట్టే అది. గట్టి మాల్."

"మాల్ గట్టిదే. నా గొంతే ఖతమైతది. భాస్కరన్న నిన్ను తీసేసుడు కాదు, ఆదివారం గిట్లనే వాయిస్తే నేనే మైకు కింద పెట్టి దిగుత."

శ్రీహరి గిటార్‌ను గోడకు ఆనించాడు. అన్నం కూడా సరిగా తినలేదు.

తెల్లారి తండ్రి మంగయ్య కొత్త పొట్టేలుకు గంట కట్టాడు. అంగడిలో ఏరి తెచ్చిన పెద్ద గంట అది. మంద ఉన్న ఇళ్ళలో గంటను చెవి దగ్గర మోగించి తేల్చరు. పొట్టేలు మెడకు కట్టి మందలో వదిలి, ఒక మనిషి దూరం పోయి వింటాడు. ఆ రోజు ఆ పని శ్రీహరికి పడింది. పొలం దాటి పోయి గట్టు మీద నిలబడ్డాడు.

"మస్తు ఇనవడ్తుందే!" అని అరిచాడు.

"గంట సంగతి గాదురా! గొర్రెపిల్లల అరుపు ఇనవడ్తుందా?"

శ్రీహరి చెవి రిక్కించాడు. గంట తప్ప ఏమీ లేదు. "లేదు!"

"థూ! తోవ తప్పిన పిల్ల మొత్తుకుంటే ఇనవడకపోతే గంటెందుకురా, నా మెడల కట్టుకోనీకా?"

మంగయ్య దాన్ని విప్పి పాత చిన్న గంట కట్టాడు. ఈసారి గంట పలచగా వినిపించింది. దాని సందుల్లోంచి, మంద వెనకాల ఎక్కడో ఒక పిల్ల అరుపు కూడా వచ్చింది. శ్రీహరి గట్టు దిగలేదు.

"ఏందిరా, దిష్టిబొమ్మ లెక్క నిలవడ్డవ్?"

"కోదాడకు పోవాలె."

"గంటకా?"

"గసుంటిదే."

రజనిని బండెక్కించుకుని కోదాడ చేరాడు. వాళ్ళను చూడగానే కిషన్, "వదినను కూడా తెచ్చావు, పంచాయితీకా?" అన్నాడు. కిషన్ సొంత గిటార్‌కు పాత తరహా జతే బిగించి ఉంది. శ్రీహరి రెండు గిటార్లూ కొట్టు ముందర పెట్టించి, ఒకదాని తర్వాత ఒకటి కిషన్‌ను వాయించమని, రజనిని పాడమని చెప్పి, తను రోడ్డు దాటి టీ కొట్టు దగ్గర నిలబడ్డాడు.

మొదట తన గిటార్. మోత రోడ్డు దాటి వచ్చింది. రజని పెదవులు మాత్రం కదులుతున్నాయి.

తర్వాత కిషన్ గిటార్. తీగ తీగ విడివిడిగా వినిపించింది. వాటి నడుమ రజని గొంతు. లారీ అడ్డం వస్తే రెండూ పోయాయి, లారీ పోగానే రెండూ తిరిగొచ్చాయి.

"ఏంటండీ, షూటింగా?" అన్నాడు టీ కొట్టతను.

"గంట సూస్తున్న," అన్నాడు శ్రీహరి.

రోడ్డు దాటి వచ్చి, "సుట్లు తక్కువదే ఇయ్యి," అన్నాడు.

"ఇస్తాగానీ, దీని తీగలు కోసి టంకం పెట్టావు. కొత్తదని ఎవరికి అంటగట్టను?" అన్నాడు కిషన్. "మా మిల్లు మోటారు మాడి మూలన పడుంది. చుట్టిపెట్టు, చెల్లుకు చెల్లు."

"సుట్టిపెడ్తడు," అంది రజని. "నిండుగ సుట్టుడు ఈయనకు బాగొస్తది."

ఆదివారం మిర్యాలగూడలో ఫంక్షన్ హాలు కిక్కిరిసింది. మొదటి పాట సగానికి రాగానే భాస్కర్ కీబోర్డు దగ్గర్నుంచి చెయ్యి పైకి ఊపాడు, గిటార్ సౌండ్ పెంచమని. శ్రీహరి రజని వైపు చూశాడు. ఆమె అరవకుండా, మెడ నరాలు ఉబ్బకుండా, మామూలుగా పాడుతోంది. హాలు చివర భోజనాల దగ్గర ఒక ముసలామె విస్తరి ముందు చెయ్యి ఆపి వింటోంది. అతను సౌండ్ ముట్టుకోలేదు.

పాట అయ్యాక భాస్కర్ వచ్చి, "పెంచుమంటే పెంచవేంది? ఇన్నాళ్ళు తగ్గించుమంటే తగ్గియ్యకపోతివి," అన్నాడు. ఆ తర్వాత, "వచ్చే నెల కోదాడల ఉంది, తారీకు రాస్కో," అన్నాడు.

సోమవారం పొద్దున్నే శ్రీహరి కిషన్ వాళ్ళ మిల్లుకు పోయి మోటారు విప్పుకుని కూర్చున్నాడు. దానికి మాత్రం ఒక్క చుట్టు కూడా తగ్గించలేదు.