రెండో కొవ్వొత్తి

"సున్నంల నీలిమందు జర తక్కువెయ్యి. నిరుడు అవ్వ సమాధి నీలంగ కొట్టింది. పదిమంది నడుమ ఇజ్జత్ పోయింది" అన్నాడు ప్రేమ్‌చంద్, అద్దం ముందు మీసం కత్తిరించుకుంటూ.

నేను బకెట్‌లో సున్నం కలుపుతున్నాను. ఈస్టరుకు ముందటి శనివారం. మా సంఘంలో ఆ రోజు ఆడవాళ్ళందరికీ సమాధుల తోటలో పని. గడ్డి పీకాలి, సమాధులు కడగాలి, సున్నం వేయాలి, సిలువ గుర్తు మీద నల్ల పెయింటు దిద్దాలి. మరునాడు తెల్లవారకముందే సంఘమంతా పాటలు పాడుకుంటూ తోటకు వస్తుంది, ఎవరి సమాధి మీద వాళ్ళు కొవ్వొత్తి వెలిగించుకుంటారు, అక్కడే పునరుత్థాన ఆరాధన జరుగుతుంది. కొవ్వొత్తి వెలిగించేది మాత్రం ఇంటి మగవాడు. పెళ్ళయి మందమర్రికి వచ్చి పదహారేళ్ళయింది, ఈస్టరు పొద్దున ఏ మగవాడి గోళ్ళలోనూ నేను సున్నం చూడలేదు.

నిన్న గుడ్ ఫ్రైడే. సిలువ మీద ప్రభువు పలికిన ఏడు మాటల గురించి ఏడుగురు మాట్లాడతారు, పన్నెండు నుంచి మూడు దాకా. ప్రేమ్‌చంద్ సంఘ పెద్ద కాబట్టి ఏటా ఒక మాట ఆయనది. ఈసారి మూడోది, కన్నతల్లిని శిష్యుడికి అప్పగించే మాట. ఆయన బొగ్గుబాయి మీద క్లర్కు. డ్యూటీ దిగి వచ్చేసరికి అలసిపోతాడు కాబట్టి ప్రసంగం నేను రాశాను. నర్సింగ్ హోంలో పన్నెండు గంటలు నిలబడి వచ్చినా నేను అలసిపోను కదా, నర్సును. బాలింతల కేసు షీట్ల వెనక, మధ్యాహ్నం అన్నం డబ్బా పక్కన పెట్టుకొని నాలుగు పేజీలు రాశాను. ఆయన బాగా చదివాడు. నేను ఆగమని గీత పెట్టినచోట ఆగాడు, గీత లేనిచోట వాళ్ళమ్మను తలచుకొని ఏడ్చాడు. బయటికి వచ్చాక మా సంఘంలోని పద్మలతక్క నా చెయ్యి పట్టుకొని, "అన్నకు దేవుడు ఎంత జ్ఞానమిచ్చిండు క్యాథరిన్! నువ్వు అదృష్టమంతురాలివి" అంది. అవునక్కా అన్నాను.

ఆ తల్లి సమాధికే ఇప్పుడు సున్నం. మా అత్తమ్మ, రిబ్కమ్మ.

తొమ్మిదేళ్ళ కింద కరీంనగర్‌లో ఒక ఆసుపత్రిలో నా బిడ్డ పుట్టింది. పుట్టేసరికే ఊపిరి లేదు. ఆడపిల్ల. నేనింకా టేబుల్ మీద ఉండగానే తల్లీకొడుకులు బిడ్డను బట్టలో చుట్టుకొని మందమర్రికి తెచ్చి, ఆ సాయంత్రమే పూడ్చేశారు. తీసుకెళ్ళేముందు నాకు నుదురు మాత్రం చూపించారు. "మొత్తం సూస్తె మరువవు" అంది అత్తమ్మ. నుదురు చూస్తే మరిచిపోతానని ఆమెకు ఎవరు చెప్పారో తెలియదు. తబిత అని పేరు పెడదామన్నాను. "ఊపిరి లేనిదానికి పేరేంది? బాప్తిస్మం లేదు, ఏం లేదు. పేరు వెడితే మనసు దాన్నే వట్టుకుంటది" అంది. ప్రేమ్‌చంద్ కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడ్డాడు. అక్కడి నర్సు ఒకామె ఎవరూ చూడకుండా బిడ్డ చేతికి కట్టిన పట్టీ విప్పి నా గుప్పిట్లో పెట్టింది. దాని మీద "క్యాథరిన్ బిడ్డ" అని ఉంది. ఇప్పుడు నేను కూడా రోజూ ఆ పట్టీలే రాస్తాను. స్వరూప బిడ్డ, మౌనిక బిడ్డ, రజిత బిడ్డ. పేరు పెట్టేదాకా పిల్లలంతా తల్లి పేరుతోనే ఉంటారు. నా పట్టీ నా బైబిలు అట్టలో ఉంది. ఆ తర్వాత నాకు కడుపు నిలవలేదు.

మొదటి నాలుగేళ్ళు తోటలో చింతచెట్టు కింద జానెడు మట్టికుప్ప ఉండేది, మీద ఒక రాయి. దానికి కూడా సున్నం వేసేదాన్ని. కరోనా రెండో ఏడు అత్తమ్మ పోయింది. అప్పుడు నేనూ జ్వరంతో గదిలో పడి ఉన్నాను, నలుగురు మగవాళ్ళు వెళ్ళి పూడ్చి వచ్చారు. మరుసటి ఈస్టరుకు నేను తోటలోకి అడుగు పెట్టేసరికి చెట్టు లేదు, రాయి లేదు. జేసీబీతో అంతా చదును చేసి కొత్త ప్రహరీ కట్టారు.

"గోడ గాడికెల్లి వచ్చింది. చిన్న చిన్న కుప్పలన్ని దానికిందికి పోయినయ్" అన్నాడు ప్రేమ్‌చంద్. వేలు పెట్టి చూపించాడు కూడా. "అగో, గాడ."

అప్పట్నుంచి ఏటా అత్తమ్మ సమాధికి సున్నం వేశాక ఆ గోడ దగ్గరికి వెళ్ళి కూర్చుంటాను. మల్లెపూలు నాలుగు పెట్టి, ఇటుకలకు నుదురు ఆనిస్తాను. ప్రేమ్‌చంద్ వెనక నిలబడి చూసేవాడు. ఒక ఏడాది నీళ్ళ సీసా తెచ్చి చేతికిచ్చాడు. ఆ సీసాకే నేను ఎంత పొంగిపోయానో చెప్పుకుంటే సిగ్గు. నా దుఃఖం ఈయనకు అర్థమైందనుకున్నాను.

ఈసారి సున్నం తెల్లగా వచ్చింది. రెండు చేతులు పూత వేశాను. సిలువకు నల్ల పెయింటు దిద్దాను. రేపు గాలికి కొవ్వొత్తి పడిపోకుండా ఆనించడానికి సమాధి మీద ఒక మట్టిముద్ద పెట్టి అదుముతున్నాను. అప్పుడొచ్చింది భూమవ్వ. ఆమె పెనిమిటి ఈ తోటలో సమాధులు తవ్వేవాడు. ఆయన పోయాక ఆమె జమ్మికుంటలో కూతురి దగ్గర ఉండి, మొన్న చలికాలంలోనే తిరిగి వచ్చింది. ఇప్పుడు గేటు తాళం ఆమె చేతిలో ఉంది.

"ఒక్కటే ముద్ద వెట్టినవేంది బిడ్డా? ఇద్దరికి రెండు వెట్టాలె గదా" అంది.

"ఇద్దరెవలు భూమవ్వా?"

"మీ అత్త, నీ పిల్ల."

ఆమె చెబుతూనే పోయింది. నాకు తెలిసిన సంగతే అనుకుంది పాపం. "నా ముసలోడే దవ్విండు. ఆ రాయి దీసి పార వెట్టంగనె చిన్న బట్ట మూట తేలింది. నీ పెనిమిటి పక్కకు వెట్టుమన్నడు. అవ్వను దించినంక మల్ల ఆమె కాళ్ళకాడ వెట్టి మన్ను గప్పిన్రు. ఆ పొద్దు నా ముసలోడు ఇంటికొచ్చి బువ్వ ముట్టలే బిడ్డా." అప్పుడు నా ముఖం చూసింది. "అయ్యో. నీకు ఎరుక లేదా?"

ఆ గోడ వైపు చూశాను. నాలుగేళ్ళు నేను నుదురు ఆనించిన గోడ. దానికింద ఏమీ లేదు.

ఇంటికి ఎలా వచ్చానో తెలియదు. ప్రేమ్‌చంద్ మంచం మీద కూర్చొని ఫోన్ చూసుకుంటున్నాడు. తల ఎత్తకుండానే, "నా తెల్లంగి ఇస్త్రీ చేసినవా?" అన్నాడు.

"తబిత యాడున్నది?" అన్నాను.

"తబిత ఎవలు?"

నిజంగానే అడిగాడు. నటన కాదు. ఆ పేరు ఆయనకు గుర్తు లేదు. నేను అలాగే నిలబడి ఉంటే, నా చేతుల మీది సున్నం చూశాడు, ముఖం చూశాడు, అప్పుడు ఫోన్ పక్కన పెట్టాడు.

"భూమవ్వ చెప్పిందా? దానికి నోరాగదు" అన్నాడు. "జర ఆలోచించు. కరోనా దినాలు. జాగ ఇస్తలేరు. అంబులెన్సోళ్ళు ఆగమాగం చేసిన్రు. గా జాగ మనదే గదా అన్నరు పెద్దలు. నువ్వు జ్వరంల ఉన్నవ్. చెప్తే తట్టుకుంటవా?"

"అప్పుడు సరే. నాలుగేండ్లు నన్ను గోడకాడ కూసోబెట్టినవ్ గదా?"

"ఎట్ల చెప్పాలె? రోజురోజుకు కష్టమైంది." నాకు ఊరటగా ఉంటుందనుకుని కాబోలు, ఇంకో మాట చెప్పాడు. "నేనొక్కన్నే కాదు. పాస్టరు అయ్యగారికి ఎరుక, పెద్దలకు ఎరుక, వాళ్ళిండ్లల్ల ఎరుక. సంఘమంత నీ కోసం ప్రార్థన చేసింది, గీ సంగతి నీకు తెల్వద్దని. గింత ప్రేమ ఎవలు చూపిస్తరు చెప్పు?"

ఈ నలభై దినాలూ గుర్తొచ్చాయి. ఈస్టరుకు ముందటి శ్రమల కాలంలో రోజుకొక ఇంట్లో ప్రార్థన. మా ఇంటి వంతుకు ముప్పై మంది వచ్చారు. డ్యూటీ దిగి వచ్చి శనగ గుడాలు ఉడికించి, తాలింపు పెట్టి, రెండుసార్లు చాయ్ కాశాను. చివర్లో అయ్యగారు నన్ను మధ్యలో కూర్చోబెట్టి, ఆడవాళ్ళందరితో నా తల మీద చేతులు పెట్టించి, "ఈ చెల్లెలి హృదయాన్ని కాపాడు తండ్రీ, దాగినవి దాగే ఉండనియ్యి" అని ప్రార్థించారు. గొడ్రాలినని జాలిపడుతున్నారనుకున్నాను. ఆ జాలి కూడా నాకు తియ్యగానే తోచింది, పిచ్చిదాన్ని, కళ్ళు మూసుకొని గట్టిగా ఆమెన్ అన్నాను. నా తల మీది చేతులన్నిటికీ తెలుసు. తల ఒక్కదానికే తెలియదు.

అడిగితే ఒప్పుకునేదాన్ని. అదే నన్ను ఎక్కువ కోస్తోంది. ఆ జ్వరంలో తలుపు అవతల నుంచి అడిగినా సరే, పెట్టండి, నానమ్మ పక్కన పడుకుంటుంది నా బిడ్డ అనేదాన్ని. కాళ్ళ దగ్గర వద్దు, చెయ్యి దగ్గర పెట్టండి అని మాత్రం అనేదాన్ని. ఆ ఒక్క మాట అనే హక్కు కూడా నాకు లేదనుకున్నారు. అత్తమ్మ మీద నాకు అంత కోపం రాలేదు, ఆమె అన్నవన్నీ నా ముఖం మీదే అంది. నీళ్ళ సీసా ఇచ్చిన చెయ్యి మీద వచ్చింది కోపం.

దేవుడి మీద కూడా వచ్చింది. నువ్వూ వాళ్ళతో కలిశావా అని వంటింట్లో నిలబడి బయటికే అడిగాను. బియ్యం కడుగుతూ అడిగాను, కోపం వచ్చినా అన్నం వండాలి కదా.

తిన్నాక ప్రేమ్‌చంద్ మెత్తగా, "రేపు పొద్దుగాల తోటల సాక్ష్యం నాది, దేవుడు చేసిన మేలు చెప్పాలె. రెండు ముక్కలు రాసియ్యరాదు. నీక్కూడ మనసు అల్కగైతది" అన్నాడు.

అంగి మాత్రం ఇస్త్రీ చేసి కుర్చీ మీద వేశాను. ఎందుకు చేశానంటే ఏం చెప్పను, పదహారేళ్ళ అలవాటు.

కాగితం తీసుకోలేదు. బైబిలు తీసి ఈస్టరు భాగం చదివాను. చిన్నప్పటి నుంచి విన్నదే, కానీ ఈసారి ఆగి ఆగి చదివాను. చీకటితోనే ప్రభువు సమాధి దగ్గరికి బయల్దేరింది ఆడవాళ్ళు. సుగంధ ద్రవ్యాలు సిద్ధం చేసుకున్నదీ వాళ్ళే. ఆ రాయి మనకెవరు దొర్లిస్తారని దారంతా భయపడ్డదీ వాళ్ళే. మగవాళ్ళు తలుపులు వేసుకొని ఇంట్లో ఉన్నారు. సమాధి ఖాళీగా కనబడి మరియ ఏడుస్తూ, ప్రభువును ఎక్కడ పెట్టారో చెప్పమని తోటమాలి అనుకున్న మనిషిని అడుగుతుంది. ఎక్కడ పెట్టారో చెప్పు, నేను తీసుకుపోతానంటుంది. అక్కడ నాకు దుఃఖం ఆగలేదు. ఆమె అడిగింది నేను అడిగిందే. ఆ మనిషే ప్రభువు, ఆమెకు జవాబుగా ప్రసంగం చెప్పలేదు. పేరు పెట్టి పిలిచాడు, అంతే.

తూర్పు ఇంకా తెల్లబడకముందే లేచి, పెయింటు డబ్బా, కుంచె, రెండు కొవ్వొత్తులు సంచిలో వేసుకొని తోటకు వెళ్ళాను. భూమవ్వ మాట్లాడకుండా తాళం తీసింది. సమాధి దగ్గర మోకాళ్ళ మీద కూర్చున్నాను. సున్నం ఎండి తెల్లగా ఉంది. దాని మీద అరచెయ్యి పెట్టగానే నాకు ఒక సంగతి తట్టింది. నాలుగేళ్ళుగా కడిగింది, గడ్డి పీకింది, రెండు చేతులు సున్నం వేసింది నా బిడ్డకే. వాళ్ళు నా దగ్గర దాచారు కానీ నా చేతులను దీనికి దూరం చేయలేకపోయారు. ప్రభువా, నువ్వు వాళ్ళతో కలవలేదు అన్నాను. తొమ్మిదేళ్ళుగా గుండెలో కూర్చున్నదేదో లేచి పోయినట్టయింది. చాలాసేపు ఏడ్చాను, మంచి ఏడుపు.

తర్వాత కుంచె ముంచి, అత్తమ్మ పేరున్న గ్రానైటు పలక కింద, తెల్లటి సున్నం మీద పెద్దక్షరాలతో రాశాను. క్యాథరిన్ బిడ్డ తబిత. రెండో మట్టిముద్ద భూమవ్వ పెట్టింది. రెండు కొవ్వొత్తులూ నేనే వెలిగించాను.

పాట దగ్గరకొచ్చింది. సంఘమంతా లోపలికి వచ్చి సమాధుల మధ్య సర్దుకుంది. ప్రేమ్‌చంద్ తెల్లంగితో, చేతిలో కొవ్వొత్తితో సమాధి దగ్గరికి వచ్చి ఆగిపోయాడు. అక్షరాలు చదివాడు.

"ఎవలనడిగి రాసినవ్?" అన్నాడు పళ్ళ మధ్యనుంచి.

అయ్యగారు ప్రార్థన ముగించి, "ప్రభువు లేచెను!" అన్నారు. "నిజముగా లేచెను!" అంది సంఘం, అందరికంటే గట్టిగా నేను. "ఇప్పుడు మన పెద్ద ప్రేమ్‌చంద్ గారు సాక్ష్యం చెబుతారు" అన్నారు అయ్యగారు. ఆయన జేబు తడుముకున్నాడు. అందులో కాగితం లేదు. నేను లేచి ముందుకు నడిచాను. పద్మలతక్క నా కొంగు పట్టుకోబోయి వదిలేసింది. నా గోళ్ళ నిండా సున్నం, వేళ్ళకు నల్ల పెయింటు.

"నా పేరు క్యాథరిన్. నా బిడ్డ పేరు తబిత. ఆమె గీడ్నే ఉన్నది, వాళ్ళ నానమ్మ దగ్గర. గా సంగతి నాకు తెల్వద్దని మీరందరు నాలుగేండ్లు ప్రార్థన చేసిన్రు. దేవుడు మీ ప్రార్థన వినలే. గదే నా సాక్ష్యం."